ఆకు అంచున నిద్రించే మొగ్గ

రాలిన మందార ఆకు కుళ్లిపోతుంటే రణపాల ఆకు మాత్రం పిల్ల మొక్కలను ఎలా పెడుతుందని ఒక పాఠకురాలు అడిగారు. పాఠ్యపుస్తకాలు శాకీయోత్పత్తికి, అంటే గింజ లేకుండా వేరు, కాండం, ఆకుల నుంచి కొత్త మొక్క పుట్టడానికి, ఉదాహరణగా రణపాల పేరు చెప్పి ఊరుకుంటాయి. అంత అందమైన విషయాన్ని ఒక్క వాక్యంతో సరిపెట్టడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

రణపాల ఆకు అంచును భూతద్దంతో చూస్తే వరుసగా గంట్లు కనిపిస్తాయి. ఆకు లేతగా ఉన్నప్పటి నుంచే ప్రతి గంటులోనూ ఒక చిన్న కణాల గుంపు, చుట్టూ ఉన్నవన్నీ ముదిరిపోతున్నా తాను ముదరకుండా, విభజన శక్తిని కాపాడుకుంటూ ఉంటుంది. దీనినే విభాజ్య కణజాలం అంటారు. ఆకు కొమ్మకు అంటి ఉన్నంతకాలం, తల్లి మొక్క నుంచి వచ్చే హార్మోన్ల అదుపులో ఈ గుంపు సాధారణంగా నిద్రలోనే ఉంటుంది. ఆకు తెగిపడితే ఆ అదుపు తప్పి, కొద్ది రోజుల్లోనే గంటులో దారాల్లాంటి వేళ్లూ, ఎదురెదురుగా రెండు బుల్లి ఆకులూ పుడతాయి. దీనికి మట్టి కూడా అక్కరలేదు. బల్ల మీద ఉంచిన ఆకైనా తనలోని నీటితో, పిండిపదార్థంతో పిల్లలను పోషిస్తుంది.

దీని దగ్గరి బంధువు, మడగాస్కర్‌కు చెందిన కలాంచో డైగ్రిమాంటియానా, ఆకు తెగేదాకా కూడా ఆగదు. గింజలో పిండం ఏర్పడటానికి తోడ్పడే లెక్1 జన్యువు ఈ మొక్క ఆకు అంచుల్లోనూ పనిచేస్తున్నదనీ, అయితే అది కురచైన రూపంలో ఉన్నదనీ 2007లో వెలువడిన పరిశోధన చూపింది. ఈ మొక్కకు మొలకెత్తే గింజలు ఏర్పడవు.

గులాబీ పువ్వులా మందపాటి ఆకులు పరుచుకునే కుండీ మొక్క ఎచవేరియా సంగతి వేరు. దాని ఆకులో సిద్ధంగా ఉన్న మొగ్గ లేదు. ఆక్సిన్ అనే పెరుగుదల హార్మోన్ ఆకు మొదలుకు చేరి పోగుపడగా, అక్కడి ముదిరిన కణాలే మళ్లీ విభజన మొదలుపెట్టి, ముందు వేళ్లను, తరువాత ఆవగింజంత ఆకుల గుత్తిని పుట్టిస్తాయి. అందుకే ఆకును మధ్యకు తుంచకుండా మొదలంటా ఊడదీయాలి, గాయం ఎండేదాకా నీరు తగలనివ్వకూడదు. అన్ని వారాలు ఆకు బతికి ఉండటానికి మందపాటి మైనపు పొర, ఎక్కువగా రాత్రిపూట తెరుచుకునే పత్రరంధ్రాలు తోడ్పడతాయి. పిల్ల ఎదిగేకొద్దీ తల్లి ఆకు ముడతలు పడి, చివరికి కాగితంలా ఎండిపోతుంది.

పిల్లలు తల్లికి నకళ్లే అయినా, పసుపు అంచు స్నేక్ ప్లాంట్ ఆకు ముక్క నుంచి సాధారణంగా పచ్చని పిల్లలే వస్తాయి. ఆ ఆకులో పత్రహరితం ఉన్న కణాలూ, లేని కణాలూ పక్కపక్కనే ఉంటాయి. కొత్త మొక్క పచ్చని కణాల నుంచే పుడుతుంది.