ఎండుటాకులా రాలే బంతి

1957 ఏప్రిల్. రియోలోని మరకానా మైదానం. పెరూను ఓడిస్తే బ్రెజిల్‌కు మరుసటి ఏడాది ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో చోటు ఖాయం. ఫ్రీకిక్ దొరికింది. బ్రెజిల్ ఆటగాడు డీడీ తన్నాడు. అడ్డుగోడలా నిలబడ్డ ఆటగాళ్ల తలల మీదుగా లేచిన బంతి, ఇక గోల్‌పోస్ట్ పైనుంచి పోతుందనుకునేలోపు కిందికి జారి లోపల పడింది. 1-0. డీడీ తన్నే ఈ తరహా తన్నుకు అక్కడివాళ్లు పెట్టుకున్న పేరు ‘ఫోల్యా సెకా’, అంటే ఎండుటాకు.

రావిచెట్టు కింద నిలబడి చూస్తే ఆ పేరు ఎంత సరిగ్గా కుదిరిందో తెలుస్తుంది. ఆకు తిన్నగా పడదు. కాసేపు తేలుతుంది, పక్కకు జారుతుంది, ఉన్నట్టుండి దిగిపోతుంది.

బంతి ఎందుకు అలా దిగాలి? వేగంగా పోయే బంతిని ఒక పలుచని గాలిపొర అంటుకుని ఉంటుంది. వేగం బాగా ఉన్నంతసేపూ ఆ పొర అల్లకల్లోలంగా ఉంటుంది. చిత్రమేమిటంటే, అల్లకల్లోలంగా ఉన్న పొరే బంతి వెనక దాకా వదలకుండా అంటిపెట్టుకుంటుంది. అందుకే వెనక సుడుల తోక సన్నగా ఉంటుంది, గాలి అడ్డు తక్కువ. వేగం ఒక హద్దు కిందికి పడగానే పొర సాఫీగా మారి ముందే విడిపోతుంది. తోక లావవుతుంది, బ్రేకు వేసినట్టు బంతి నెమ్మదించి కిందికి దిగుతుంది. గల్లీ క్రికెట్లో టెన్నిస్ బంతికి సగం టేపు చుట్టి స్వింగ్ చేసినవాళ్లకు, బంతి పైతోలు ఎలా ఉందన్నది ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు.

ఫుట్‌బాల్‌ను బ్రెజిల్‌లో పాదుకొల్పినవాడిగా చార్లెస్ మిల్లర్‌ను చెప్పుకుంటారు. సౌథాంప్టన్‌లో చదువుకుని 1894లో సావో పాలోకు తిరిగొస్తూ రెండు బంతులు తెచ్చాడు. చాలాకాలం అది తెల్లవాళ్ల, డబ్బున్నవాళ్ల క్లబ్బుల ఆట. 1923లో వాస్కో డ గామా క్లబ్బు నల్లజాతివాళ్లతో, కూలీనాలీ చేసుకునేవాళ్లతో రియో టైటిల్ కొట్టేసింది. ఓర్వలేని పెద్ద క్లబ్బులు మర్నాడే అన్నట్టు వేరుకుంపటి పెట్టుకున్నాయి. ఆ గోడ కూలకపోతే నల్లజాతివాడైన డీడీ మరకానాలో ఉండేవాడే కాదు.

డీడీకి నలభై ఏళ్ల తర్వాత, 1997 జూన్‌లో, ఫ్రాన్స్‌లోని లియాన్‌లో బ్రెజిల్ ఆటగాడు రాబర్టో కార్లోస్ తన్నిన ఫ్రీకిక్ మరో రకం. గోల్‌కు సుమారు 35 మీటర్ల దూరం. ఎడమకాలి బయటి అంచుతో కొట్టాడు. బంతి కుడివైపుకు ఎంత దూరం పోయిందంటే, గోల్ పక్కన నిలబడ్డ బాల్‌బాయ్ తల వంచుకున్నాడు. తర్వాత ఎడమకు తిరిగి, పోస్ట్‌ను తాకి లోపలికి వెళ్లింది. ఫ్రాన్స్ గోల్‌కీపర్ బార్తెజ్ కదలనే లేదు.

గిర్రున తిరిగే బంతి గాలిని ఒక పక్కకు నెట్టి, తాను రెండో పక్కకు జరుగుతుంది. దీన్ని మాగ్నస్ ప్రభావం అంటారు. అసలు కీలకం దూరంలో ఉంది. గాలి అడ్డు వల్ల బంతి వేగం తగ్గినంత త్వరగా దాని తిరుగుడు తగ్గదు. అందుకే పోనుపోను వంపు బిగుసుకుంటుంది. 2010లో ఫ్రెంచి భౌతిక శాస్త్రవేత్తలు చిన్న బంతుల్ని నీళ్లలోకి పేల్చి చూసి, ఆ దారి నత్తగుల్ల చుట్టులా ఉంటుందని తేల్చారు. దగ్గర్నుంచి తన్ని ఉంటే ఆ చుట్టు బయటపడేలోపే బంతి గోల్ దాటేది.

అదే 2010 ప్రపంచకప్‌లో ఎనిమిది ముక్కల జబులానీ బంతి వచ్చింది. నున్నన ఎక్కువై, తిరుగుడు లేకుండా తన్నితే గాల్లో వంకర్లు పోయేది. సూపర్‌మార్కెట్‌లో దొరికే చవక బంతిలా ఉందని గట్టిగా విసుక్కున్నవాళ్లలో ఒకడు బ్రెజిల్ గోల్‌కీపర్ జూలియో సెజార్! గోల్‌కీపర్లకు గాలంటే భయం నేర్పిన దేశం వాడే మరి.

2014లో బ్రెజిల్‌లోనే జరిగిన పోటీకి బంతిని మార్చారు. ముక్కలు ఆరే, కానీ వాటి మధ్య అతుకులు పొడుగు. బంతి బుద్ధిగానే ఎగిరింది. సెమీఫైనల్లో జూలియో సెజార్ వెనకున్న వలలోకి ఏడుసార్లు వెళ్లింది.