సెంటర్ నట్‌తో చెలగాటం: స్ట్రట్ స్ప్రింగుల మీద అపోహలు – వాస్తవాలు

"కంప్రెసర్ ఎందుకండీ దండగ? ఇద్దరం పైనుంచి అదిమి పడితే మూడోవాడు నట్ ఎక్కించేస్తాడు." కారు ముందు షాకులు (షాక్ అబ్జార్బర్లు) మార్చే చోట ఈ మాట ఏదో ఒక రూపంలో వినపడుతూనే ఉంటుంది. కంప్రెసర్ అంటే ఇక్కడ స్ప్రింగుని నొక్కి పట్టే పనిముట్టు. షాక్, దాని చుట్టూ స్ప్రింగు ఒకటిగా కూర్చిందే స్ట్రట్. షాక్ రాడ్ పై కొసన ఎక్కి ఆ స్ప్రింగుని పట్టి ఉంచేది సెంటర్ నట్. దీని తమ్ముడు ఇంకొకటి ఉంది: "నట్ మూడు మరలు పట్టింది కదా, నట్లు బిగించే గన్ పెట్టి లాగేయ్, స్ప్రింగు అదే దిగుతుంది." ఇలా చేసి క్షేమంగా బయటపడ్డవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్ల ధీమాయే ఈ పుకారుకు పెట్టుబడి. దవడ పగిలినవాడు మాత్రం వచ్చి సలహాలు ఇవ్వడు.

అపోహ: స్ప్రింగుని పట్టి ఉంచేది సెంటర్ నట్టే కాబట్టి దాంతోనే దించొచ్చు, దాంతోనే వదలొచ్చు.

అన్నిట్లోకీ ఖరీదైన అపోహ ఇదే. కారు నడిచేటప్పుడు ఆ బలాన్ని కాసేది నట్టే, కాదనను. కానీ మరలన్నీ ఎక్కి, సరైన టార్క్ మీద కూర్చున్న నట్ వేరు, రాడ్ కొసన మూడు మరల మీద వేలాడే నట్ వేరు. స్ప్రింగుని నొక్కడం, వదలడం రెండూ కంప్రెసర్ పనులు. నట్ పని తాళం వెయ్యడం. విప్పేటప్పుడైనా, ఎక్కించేటప్పుడైనా నట్ మీద స్ప్రింగు బలం సున్నా ఉండాలి.

ఎంత బలమో లెక్క వేద్దాం. మిల్లీమీటరు దిగడానికి 2.5 కిలోలు అడిగే స్ప్రింగు అనుకోండి. 150 మిల్లీమీటర్లు నొక్కితే 375 కిలోల తోపు. అందులో దాగిన శక్తి దాదాపు 280 జౌళ్లు. 50 కిలోల సిమెంటు బస్తా అర మీటరు పైనుంచి పాదం మీద పడితే వచ్చే దెబ్బ కంటే ఎక్కువే. పైగా బస్తా పడుతుంటే కాలు లాక్కోవచ్చేమో, స్ప్రింగు ఆ సందు ఇవ్వదు. ఇద్దరు మనుషులు తమ బరువంతా వేసినా 375 కిలోలు రాదు. వచ్చినా, ఒకరి చెయ్యి జారితే చాలు.

విప్పడానికి ఒక్కటే పరీక్ష. కంప్రెసర్ బిగించాక స్ప్రింగుని రెండు చేతులతో పట్టి తిప్పండి. సీటులో (స్ప్రింగు కొస కూర్చునే పళ్లెంలో) వదులుగా తిరగాలి, పై సీటుకీ స్ప్రింగుకీ మధ్య వెలుతురు కనపడాలి. అదయ్యాకే నట్ మీద స్పానర్. తిరగకపోతే కంప్రెసర్ ఇంకో రెండు చుట్లు బిగించండి, మళ్లీ చూడండి. "దాదాపు వదులైంది" అనేది ఇక్కడ చెల్లదు.

ఎక్కించేటప్పుడు పరీక్ష ఇంకోలా ఉంటుంది. రాడ్‌ని పూర్తిగా పైకి లాగి, బంప్ స్టాప్ (రాడ్ మీద కూర్చునే మెత్తటి దిమ్మ), డస్ట్ కవర్ తొడిగి, నొక్కి ఉన్న స్ప్రింగు దించి, దాని మీద రబ్బరుతో సహా పై సీటు, బేరింగ్, టాప్ మౌంట్ (స్ట్రట్‌ని బాడీకి కలిపే పై ముక్క) వరసగా పెట్టండి. నట్ వేళ్లతోనే ఎక్కాలి. నైలాన్ నట్ (లోపల నైలాన్ వలయం ఉన్నది) అయితే నైలాన్ తగిలేదాకా వేళ్లతోనే దిగాలి. మర బయటికి చాలినంత రాకపోతే గన్ వెతకొద్దు, కారణం వెతకండి. రాడ్ మెల్లగా లోపలికి జారిపోయి ఉండొచ్చు. డస్ట్ కవర్ మడతపడి మౌంట్ కింద ఇరుక్కుని ఉండొచ్చు. స్ప్రింగు కొస కింది సీటులోని మెట్టుకి ఆనకుండా పైకెక్కి కూర్చుని ఉండొచ్చు. తెచ్చిన మౌంట్ వేరే మోడల్‌ది కావచ్చు. ఇవేవీ కాకపోతే, స్ప్రింగు ఇంకో 10 మిల్లీమీటర్లు దిగాలన్నమాట. అదీ కంప్రెసర్‌తోనే.

ఈ అపోహకే ఇంకో ముఖం కారు మీద కనపడుతుంది. బానెట్ ఎత్తితే స్ట్రట్ టవర్ (స్ట్రట్ పై కొస బాడీకి బిగిసే చోటు) మీద చుట్టూ రెండో మూడో చిన్న నట్లు, నడుమ ఒక పెద్దది ఉంటాయి. స్ట్రట్‌ని బాడీకి పట్టేవి ఆ చిన్నవి. నడిమిది స్ప్రింగుకి తాళం. మొదటిసారి చేసేవాళ్ల చెయ్యి నేరుగా నడిమిదాని మీదికే పోతుంది, పెద్దది కదా మరి. జాకీ మీద చక్రం వేలాడుతున్నా స్ప్రింగు వదులైపోదు, చాలా బలం లోపలే ఉంటుంది. కొన్ని ఫోక్స్‌వ్యాగన్ కార్లలో పై నట్ బాడీకి, దాని కింద ఇంకో నట్ స్ప్రింగుకి ఉంటాయి. అందుకని మీ కారు మాన్యువల్‌లో బొమ్మ చూడకుండా నట్ ముట్టుకోవద్దు. చక్రాలు నేల మీద ఉండగా సెంటర్ నట్‌ని అర చుట్టు మాత్రం సడలించుకునే పద్ధతి ఒకటుంది, తర్వాత బెంచి మీద రాడ్ తిరిగిపోకుండా అది పనికొస్తుంది. అర చుట్టు అంటే అర చుట్టే.

అపోహ: హుక్ కంప్రెసర్ అంటేనే ప్రమాదం. / ఏ హుక్ కంప్రెసర్ అయినా ఒకటే.

రెండూ తప్పే. హుక్ కంప్రెసర్ అంటే పొడవాటి మర కడ్డీకి ఉన్న హుక్కులతో స్ప్రింగు చుట్లని పట్టి నొక్కేది, జతగా వాడతారు. భయపడేవాళ్లని తప్పు పట్టలేం. 375 కిలోల బలాన్ని రెండు సన్నటి మర కడ్డీల మీద చూస్తే ఎవరికైనా గుండె దడదడలాడుతుంది. అందుబాటులో ఉంటే పళ్లెం రకం కంప్రెసరో, గోడకి బిగించిన స్టాండో మేలు. జత హుక్కుల రకంతోనూ పని భద్రంగా అవుతుంది, కానీ దాని గుణం తెలిసి ఉండాలి.

స్ప్రింగు చుట్టు ఏటవాలుగా పోతుంది. బలం పడగానే హుక్కు ఆ వాలు వెంట పక్కకి జారాలని చూస్తుంది. ఎదురెదురుగా పెట్టిన రెండూ మెల్లగా ఒకే పక్కకి చేరతాయి. అప్పుడు స్ప్రింగు అరటికాయలా వంగుతుంది. వంపు కనపడ్డ క్షణమే ఆపండి. రెండు పక్కలా సమానంగా వదిలేసి, మళ్లీ మొదటినుంచి పెట్టుకోవాలి. వంగిన స్ప్రింగుని సుత్తితో తట్టి సరిచేద్దామనుకుంటే హుక్కు ఎగిరి వచ్చేది మొహం మీదికే.

పట్టు ఎక్కడ? పైన ఒక చుట్టు, కింద ఒక చుట్టు వదిలి, నడుమ వీలైనన్ని చుట్లు. మూడు చుట్లే పడితే అవి ఒకదానికొకటి ఆనుకుపోతాయి, సీటు మాత్రం వదలదు. అప్పుడు బిగించేకొద్దీ మర సాగడమే తప్ప స్ప్రింగు దిగదు. హుక్కులకి లాకింగ్ పిన్ ఉంటే తప్పకుండా వెయ్యండి. మర తిప్పేటప్పుడు ఒక పక్క రెండు చుట్లు, ఇంకో పక్క రెండు చుట్లు, అంతే. ఒక పక్కే పది చుట్లు తిప్పేసి రెండోదానికి రాకూడదు. నొక్కేకొద్దీ మర తోక కిందికి దిగుతుంది, అది స్ట్రట్ బ్రాకెట్‌కి తగులుతుందేమో మొదలెట్టకముందే చూసుకోండి. సగం నొక్కాక తగిలితే మొత్తం వదిలి మళ్లీ పెట్టాలి.

మరకి గ్రీజు పెట్టి, రాట్చెట్‌తో చేత్తో తిప్పండి. గన్ పెడితే మర వేడెక్కి కొరుక్కుపోతుంది, ఏ పక్క ఎంత దిగిందో లెక్కా తప్పుతుంది. హుక్కు జారకుండా పాత గుడ్డ చుట్టడం ఇంకో చిట్కా. గుడ్డ వల్ల పట్టు పోతుంది తప్ప పెరగదు. స్ప్రింగు పూత గీసుకుపోతుందని బాధ ఉంటే కంప్రెసర్‌తో వచ్చే ప్లాస్టిక్ తొడుగులు వాడండి. ఆ బాధ నిజమైనదే, పూత లేచిన చోటే తుప్పు పడుతుంది. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో తిరిగే కార్ల స్ప్రింగుల్లో కింది చుట్టు కొస విరిగి ఉండటం అరుదేమీ కాదు. గుంతలు పడ్డ స్ప్రింగుని, విరిగిన స్ప్రింగుని హుక్కులతో నొక్కొద్దు. దాన్ని స్టాండు ఉన్న చోటికి పంపండి.

స్ట్రట్‌ని బెంచి వైస్‌లో పట్టేటప్పుడు బ్రాకెట్ దగ్గరే పట్టండి. గొట్టం నొక్కుకుపోతే కొత్త షాకైనా లోపల పిస్టన్ పట్టేస్తుంది. రాడ్ కొస గోడ వైపు తిరిగి ఉండాలి, మనిషి వైపు కాదు. మీరు కూడా ఆ గీతలో నిలబడొద్దు.

మిగతావి గబగబా.

"నొక్కిన స్ప్రింగుని బైండింగ్ వైరుతో కట్టేసి కంప్రెసర్ తీసేయొచ్చు." వద్దు. "ఇవాళ నొక్కి పెట్టి పార్టు వచ్చాక రేపు ఎక్కిద్దాం" అనేదీ వద్దు. పార్టులన్నీ బల్ల మీదికి వచ్చాకే మొదలెట్టండి. బంప్ స్టాప్ మర్చిపోయి అంతా బిగించాక గుర్తొచ్చినవాళ్లు ఎందరో. మళ్లీ మొత్తం విప్పాల్సిందే.

"నట్‌తో పాటు రాడ్ తిరుగుతోంది, రాడ్‌ని ప్లయర్‌తో పట్టు." ఆ మెరిసే రాడ్ మీద ఒక్క గీత పడినా ఆయిల్ సీలు కోసుకుపోతుంది, కొన్నాళ్లకే షాక్ చెమరుస్తుంది. రాడ్ కొసన ఆరు పలకల అలెన్ గుంతో చదును అంచులో ఉంటాయి, పట్టు అక్కడే. పాత నట్ మళ్లీ వాడొద్దు, కొత్తదాని ఖరీదు టీ ఖర్చు.

"కొత్త షాక్ రాడ్ దానంతటదే లేస్తోంది, పాడైంది." గ్యాస్ షాక్ అలాగే లేస్తుంది. ఆయిల్ షాక్ లేవదు. పడుకోబెట్టి ఉంచిన ట్విన్ ట్యూబ్ (గొట్టంలో గొట్టం ఉండే) షాక్ అయితే నిలబెట్టి నాలుగైదుసార్లు పూర్తిగా నొక్కి లాగండి, లోపల దారి తప్పిన గాలి పైకి చేరుతుంది. మొదటి రెండుసార్లు మెత్తగా పోయి తర్వాత గట్టిపడితే అంతా బాగున్నట్టే.

"షాక్ మారిస్తే స్ప్రింగు మార్చాల్సిందే." అక్కర్లేదు. పగుళ్లు, తుప్పు గుంతలు లేకపోతే, చదును నేల మీద చక్రం నడుమ నుంచి ఫెండర్ అంచు దాకా రెండు పక్కలా కొలత సమానంగా ఉంటే పాతదే చాలు. మారిస్తే మాత్రం జతగా మార్చండి.

"ఏ స్ప్రింగు తియ్యాలన్నా కంప్రెసర్ కావాలి." స్విఫ్ట్, ఐ20 లాంటి కార్ల వెనక టార్షన్ బీమ్ (రెండు వెనక చక్రాలని కలిపే అడ్డ దూలం) ఉంటుంది, స్ప్రింగు షాక్ మీద కాకుండా విడిగా కూర్చుంటుంది. కారు స్టాండ్ల మీద నిలబెట్టి, జాకీతో బీమ్‌ని కాసి, షాకుల కింది బోల్టులు తీసి మెల్లగా దించితే స్ప్రింగు చేతికొస్తుంది. బ్రేకు గొట్టాలు లాగుకుపోకుండా చూసుకోండి, చాలు.

"టాప్ మౌంట్, బేరింగ్ చివరిదాకా మార్చక్కర్లేదు." కంప్రెసర్ పెట్టే శ్రమంతా పడ్డాక పాత బేరింగే వెయ్యడం అన్యాయం. బిగించాక పరీక్ష ఇది: కారు నేల మీద ఉండగా ఒకరు స్టీరింగు ఈ చివర నుంచి ఆ చివరకి మెల్లగా తిప్పాలి, ఇంకొకరు చక్రం లోపలికి చెయ్యి పెట్టకుండా, బానెట్ ఎత్తి టవర్ మీద అరచెయ్యి ఆనించి ఉంచాలి. బేరింగ్ బాగుంటే చేతికి ఏమీ తెలీదు. ఎండిపోయినా, తిరగేసి పెట్టినా స్ప్రింగు కాసేపు మెలి తిరిగి, ఒక్కసారిగా టంగుమని వదులుతుంది, ఆ అదురు అరచేతికి కొడుతుంది. అలా కొడితే చక్రాల అలైన్‌మెంట్‌కి వెళ్లకండి, స్ట్రట్ మళ్లీ బెంచి ఎక్కాలి.