చెట్టుకి బొజ్జ ఎందుకొచ్చింది?

చిరంజీవులు బుజ్జమ్మకి, చంటిగాడికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న కారెక్కుతూ బుజ్జమ్మ ఏమడిగిందో గుర్తుందా? "తాతయ్యా, మన మామిడిచెట్టుకి బొజ్జ ఎందుకొచ్చింది? నువ్వు బెల్టు బిగించినప్పుడు వచ్చినట్టే ఉంది!" అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మీరు వెళ్ళాక దగ్గరికెళ్ళి చూస్తే ఆ నవ్వు కాస్తా పోయింది. బట్టలారేసే తీగ మానులోకి దిగిపోయి కనబడటమే లేదు. దానికి పైన మాను ఉబ్బింది, కింద సన్నంగానే ఉంది. ఆ తీగ కట్టింది ఎవరో కాదు, నేనే. 2012లో మీ అమ్మ పెళ్ళికి, షామియానా కోసం. పెళ్ళయ్యాక బట్టలకి పనికొస్తుందని ఉంచేశాను. అప్పట్లో వదులుగానే ఉంది. ఏటేటా చెట్టు లావెక్కుతుందని మరిచిపోయాను.

చెట్టంటే మేడ ఉన్న ఇల్లనుకోండి. వంటిల్లు మేడమీద. ఆకులు పొయ్యిలు, ఎండే మంట. రాత్రిపూట వంట లేదు. ముసురు పట్టిన రోజు పొయ్యి సరిగ్గా రాజదు. కింద మట్టిలో ఉన్న వేళ్ళేమో పొలం వెళ్ళిన మనుషులు. ఎండ తగలదు కాబట్టి వండుకోలేవు. నీళ్ళు తోడి పైకి పంపడం వాటి పని, క్యారేజీ కట్టి కిందికి పంపడం ఆకుల పని. నీళ్ళు ఎక్కే దారి లోపల కర్రలో ఉంటుంది. క్యారేజీ దిగే దారి మాత్రం బెరడుకి లోపలివైపు, తడితడిగా ఉండే పలచటి పొర. అంతే.

నా తీగ ఆ క్యారేజీ దారికి అడ్డం పడింది. పైనుంచి వచ్చిన క్యారేజీలన్నీ అక్కడే ఆగి పేరుకుంటే, అదీ బుజ్జమ్మ చూసిన బొజ్జ. పొలంలో వాళ్ళకి మధ్యాహ్నమైనా అన్నం రాదు. అయినా కొన్నాళ్ళు దాచుకున్నది తింటూ నీళ్ళు తోడుతూనే ఉంటారు. అందుకే చెట్టు పైకి పచ్చగా కనబడుతుంది, మనమూ బాగుందిలే అనుకుంటాం. ఆకలితో వేళ్ళు చచ్చిపోయాక గానీ పైన ఆకు వాడదు. అప్పుడిక బిందెలకొద్దీ నీళ్ళు పోసినా తాగేవాళ్ళుండరు. మనింట్లోనూ అంతేరా, నోరెత్తి అడగనివాళ్ళ ఆకలి మనకి ఆలస్యంగా తెలుస్తుంది. సరే, అది వేరే ఉత్తరం.

మన అదృష్టం, మాను వెనక తీగ కింద గోనెపట్టా మడిచి పెట్టి ఉంది. అటువైపు దారి ఇంకా తెరిచే ఉంది. కటింగ్ ప్లేయరుతో తీగని రెండు మూడు చోట్ల తెంపాను. పైకి ఉన్నది తీసేశాను, లోపల ఇరుక్కున్నది వదిలేశాను. దాన్ని పీకితే ఉన్న బెరడు కూడా లేచొస్తుంది.

మీకో తమాషా చెప్పనా? నర్సరీవాళ్ళు జామకీ దానిమ్మకీ కావాలనే ఇలా చేస్తారు. కొమ్మ చుట్టూ ఉంగరంలా బెరడు ఒలిచి, తడి నాచు పెట్టి, ప్లాస్టిక్ కాగితం చుట్టి కడతారు. క్యారేజీలు అక్కడ ఆగుతాయి కదా, ఆ తిండితో కొమ్మకి అక్కడే కొత్త వేళ్ళొస్తాయి. దాన్ని గాలి అంటు అంటారు. తెలిసినవాడు కడితే కొత్త మొక్క, తాతయ్య కడితే బొజ్జ.

ఇంకో మాట. మా పెరటి వేపచెట్టుకి 1962లో నేను మేకు కొట్టాను. నాకెనిమిదేళ్ళు. సరిగ్గా నా తల ఎత్తులో కొట్టి గోళీల సంచీ తగిలించాను. ఎందుకంటే, చెట్టు పెరుగుతుంది, మేకు పైకి పోతుంది, ఎండాకాలం అయ్యేసరికి మా తమ్ముడికి అందదు! రోజూ పొద్దున్నే వెళ్ళి చూసేవాణ్ణి. మేకు అంగుళం కదల్లేదు. గోళీలు మాత్రం తగ్గుతూ వచ్చాయి. చెట్టు పొడుగయ్యేది కొమ్మల కొసల దగ్గరేననీ, మాను ఉన్నచోటనే లావవుతుందనీ నాకెవరు చెప్పారు? 1985లో ఆ వేపని కొట్టించి కోత మిల్లుకి తోలితే, రంపం కెవ్వుమని పళ్ళు విరిగాయి. బెత్తెడు కర్ర లోపల నా మేకు! మొదలునుంచి కొలిచి చూశాను. నా ఎనిమిదేళ్ళ తల ఎంత ఎత్తుందో అక్కడే ఉంది. మిల్లాయన నన్ను తిట్టిన తిట్లు మీ అమ్మమ్మకి చెప్పలేదు, మీరూ చెప్పకండి.

కొబ్బరిచెట్టు దగ్గరకొస్తే నా మేడ, క్యారేజీ అన్నీ కూలిపోతాయి. దానికి ఈ బెరడు లెక్కే లేదు. దారులన్నీ లోపల దారాల్లా చెల్లాచెదురుగా ఉంటాయి. మాను లావెక్కదు, గాయం పూడదు. ఎక్కడానికి ఎప్పుడో కొట్టిన గాట్లు ఇవాళ్టికీ అలాగే ఉంటాయి. అంత సన్నటి మాను మీద అన్ని గెలలు ఎలా మోస్తుందో, ఆ నీళ్ళు కాయలోకి ఎలా ఎక్కిస్తుందో! నేను కిందనుంచి చూస్తూ నిలబడటమే.

ఇప్పుడు మీ పని. మీ అపార్టుమెంటు ముందు కానుగచెట్టుకి ఇనప గార్డు ఉంది కదా. అది ఎక్కడైనా చెట్టుకి ఒరుసుకుంటోందా? పండక్కి చుట్టిన సీరియల్ బల్బుల తీగ ఇంకా ఉందా? దానికి పైనా కిందా మాను ఉబ్బిందేమో దూరంనుంచి కళ్ళతోనే చూడండి. ఆ తీగ ఉంటే మీరు ముట్టుకోవద్దు, కరెంటు తీగ అది. నాన్నకి చెప్పండి. మాను మీద ఒక ముడి చూసుకుని నేలనుంచి ఎంత ఎత్తో టేపుతో కొలిచి రాసిపెట్టండి. వచ్చే ఎండాకాలం మళ్ళీ కొలవండి.

మీ తాతయ్య

చంటిగాడికి: నమ్మకం కుదరక మేకు కొట్టి చూస్తానంటావేమో, వద్దు. మా తమ్ముణ్ణి అడుగు, చెబుతాడు.