గోడకు ఇవతలి మనుషులు: రేస్ పిట్‌లో భద్రత వెనక కథ

రేసు మధ్యలో కార్లు ఆగి టైర్లు మార్చుకునే చోటును 'పిట్' అంటారు. ఆ మాటకు అర్థం గొయ్యి. రేసింగ్‌లోకి ఆ మాట అలంకారంగా రాలేదు. 1908లో ఫ్రాన్స్‌లోని దియెప్ దగ్గర గ్రాండ్ ప్రీ రేసు జరిగినప్పుడు జట్ల మనుషుల కోసం, సామాను కోసం రోడ్డు పక్కన నిజంగానే కందకం తవ్వారు. టైర్లు, ఇంధనం డబ్బాలు పెట్టుకుని మెకానిక్‌లు అందులో కాచుకుని ఉండేవాళ్లు. తర్వాతి కాలంలో గొయ్యి పూడిపోయింది, పేరు మాత్రం మిగిలింది. నేల మట్టానికి పైకి వచ్చిన మెకానిక్‌కి ఆ గొయ్యి ఇచ్చినపాటి చాటు కూడా మళ్లీ దొరకడానికి చాలా ఏళ్లు పట్టింది.

రేసింగ్ భద్రత గురించి చెప్పే కథలన్నీ డ్రైవర్ చుట్టూ తిరుగుతాయి. హెల్మెట్, సీటు బెల్టు, మంటలకు తట్టుకునే సూటు, తలను కాపాడే హేలో... వీటి చరిత్ర అభిమానులకు కంఠతా వచ్చు. జాకీ ఎత్తేవాడికి, నట్టు విప్పేవాడికి, ఇంధనం గొట్టం పట్టుకునేవాడికి రక్షణ ఎలా వచ్చిందన్నది పెద్దగా ఎవరూ చెప్పని కథ. చూడగా చూడగా నాకు అర్థమైంది ఒకటే. వాళ్ల కోసమని ఆలోచించి పెట్టిన నియమాలు తక్కువ. డ్రైవర్ కోసమో, ప్రేక్షకుల కోసమో, ఒక్కోసారి ఖర్చు తగ్గించుకోవడం కోసమో చేసిన మార్పుల్లో వీళ్లకూ కొంత రక్షణ దక్కింది.

మొదట్లో మెకానిక్ ఒకడు కారులోనే ఉండేవాడు. డ్రైవర్ పక్క సీట్లో కూర్చుని చేతిపంపు కొడుతూ, గేజీలు చూస్తూ, వెనక ఎవరు దూసుకొస్తున్నారో చెబుతూ పోవడం అతని పని. కారు పల్టీ కొడితే ఇద్దరికీ ఒకటే గతి. 1924 శాన్ సెబాస్టియన్ గ్రాండ్ ప్రీలో కెనెల్మ్ లీ గిన్నెస్ నడుపుతున్న సన్‌బీమ్ కారు బోల్తా పడి పక్క సీట్లో ఉన్న మెకానిక్ టామ్ బారెట్ చనిపోయాడు. మరుసటి ఏడాది నుంచి గ్రాండ్ ప్రీ కార్లలో మెకానిక్‌ని ఎక్కించుకోవడం ఆగింది. అయినా రెండో సీటు జాగా మాత్రం నియమాల్లో ఇంకొంతకాలం అలాగే ఉంది. అమెరికాలోని ఇండియానాపొలిస్ రేసులోనైతే 1930 నుంచి 1937 దాకా పక్కన మెకానిక్ ఉండి తీరాలన్న నియమాన్ని మళ్లీ తెచ్చారు కూడా.

కారు దిగి పిట్‌లోకి వచ్చినంత మాత్రాన గండం గడిచిందని కాదు. 1955 జూన్ 11న ఫ్రాన్స్‌లోని ల మాన్ రేసులో జరిగిన ఘోరాన్ని ప్రేక్షకుల విషాదంగా గుర్తుపెట్టుకుంటారు. ఎనభై మందికి పైగా చనిపోయారు కాబట్టి అది సహజం. అయితే దాని మూలం పిట్ దగ్గరే ఉంది. పిట్‌లో ఆగడానికి మైక్ హాథోర్న్ బ్రేకు వేశాడు. వెనక వస్తున్న లాన్స్ మ్యాక్లిన్ అతన్ని తప్పించబోయి పక్కకు జరిగాడు. మ్యాక్లిన్ కారు మీదికెక్కి పియర్ లెవె మెర్సెడెస్ గాల్లోకి లేచింది. అప్పట్లో అక్కడ పిట్‌కీ ట్రాక్‌కీ మధ్య గోడ లేదు. వేగం తగ్గించుకోవడానికి వేరే దారీ లేదు. పూర్తి వేగంతో పోయే కార్ల పక్కనే, అదే రోడ్డు మీద, ఆగే కార్లు ఆగేవి. తర్వాత ఆ పిట్‌ను పడగొట్టి వెనక్కి జరిపి కట్టారు. జరిపింది జనం ప్రాణాలు పోయినందుకు. మెకానిక్‌లకూ మేలు జరిగింది, అంతే.

1973 ఇండియానాపొలిస్ 500 రేసు ఇంకో రకం పాఠం. స్వీడ్ సావేజ్ కారు గోడను గుద్దుకుని మంటల్లో చిక్కుకుంది. అతన్ని కాపాడటానికి బయలుదేరిన అగ్నిమాపక వాహనం తొందరలో పిట్ లేన్‌లో ఎదురు దిశలో వేగంగా దూసుకుపోయింది. అర్మాండో టెరాన్ అనే యువ సిబ్బంది అటువైపు చూసుకోలేదు, ఆ బండి కిందే ప్రాణం పోయింది. కాపాడటానికి వచ్చిన బండే ఒకరిని చంపింది. పరిశ్రమల్లో భద్రత చూసేవాళ్లకు ఇది తెలిసిన సంగతే. అత్యవసర పరిస్థితిలో ఎవరు ఎటు పోవాలో ముందే రాసి పెట్టుకోకపోతే రెండో ప్రమాదం మొదటిదాని వెంటే వస్తుంది.

ఇక జోల్డర్. ఈ కథలో నేను ఎక్కువసేపు ఆగాల్సింది ఇక్కడే.

1981 బెల్జియం గ్రాండ్ ప్రీ. జోల్డర్ పిట్ లేన్ మరీ ఇరుకు. జట్టు మనుషులు, ఫోటోలవాళ్లు, పాసు సంపాదించినవాళ్లు అందరూ అందులోనే. శుక్రవారం ప్రాక్టీసులో ఒసెల్లా జట్టు మెకానిక్ జొవాన్ని అమదేవో ఆ రద్దీలో జారి, కార్లోస్ రాయిటెమాన్ నడుపుతున్న విలియమ్స్ కారు ముందు పడ్డాడు. తప్పించే సందు లేదు. ఆసుపత్రిలో ఉండి సోమవారం చనిపోయాడు.

మధ్యలో ఆదివారం రేసు ఉంది. తోటి మనిషి చావుబతుకుల్లో ఉంటే, అదే ఇరుకులో మళ్లీ పనిచేయాలా అని మెకానిక్‌లు గ్రిడ్ మీదికి, అంటే రేసు మొదలయ్యే ముందు కార్లు వరుసగా నిలబడే చోటికి, వచ్చి నిరసనకు దిగారు. కొందరు డ్రైవర్లు కారు దిగి వాళ్ల పక్కన నిలబడ్డారు. రేసింగ్ చరిత్రలో మెకానిక్‌లు తాము కార్మికులమని, ఇది తాము పనిచేసే చోటని ఇంత బాహాటంగా చెప్పిన సందర్భం నాకు ఇంకొకటి కనిపించదు.

నిర్వాహకులు మాత్రం గడియారాన్ని ఆపలేదు. సమయం అయిందని కార్లను కదిలించారు. అంతా గందరగోళం. కొన్ని కార్లు బయలుదేరాయి, కొన్నింటికి డ్రైవర్లు అప్పుడే ఎక్కుతున్నారు. మళ్లీ వరుసలో నిలబడేసరికి నెల్సన్ పికె తన చోటు దాటిపోయి ఇంకో చుట్టు తిరిగి రావాల్సి వచ్చింది. ఈలోగా ఆగి ఉన్న ఇంజన్లు వేడెక్కాయి. ఆరోస్ జట్టు డ్రైవర్ రికార్డో పత్రేసే కారు ఆగిపోయింది. అతను చేతులెత్తి సైగ చేశాడు. దాన్ని స్టార్టు చేయడానికి మెకానిక్ డేవ్ లకెట్ గోడ దూకి కారు వెనక వంగాడు. సరిగ్గా అప్పుడే పచ్చదీపం వెలిగింది. వెనక వరుసల్లోంచి వచ్చి అతన్ని గుద్దింది తన జట్టు రెండో కారే, సీగ్‌ఫ్రీడ్ స్టోర్ నడుపుతున్నది. లకెట్ కాళ్లు విరిగాయి, ప్రాణం దక్కింది. అంత జరిగినా రేసును వెంటనే ఆపలేదు. ట్రాక్ మధ్య మనిషి పడి ఉండగానే కార్లు చుట్టు తిరిగి వచ్చాయి. చివరికి డ్రైవర్లే తమంతట తాము ఆగారు. తిరిగి మొదలైన రేసును గెలిచింది రాయిటెమాన్.

భద్రత అడిగినందుకు మొదలైన ఆలస్యమే ఇంకొకరి కాళ్లు విరగడానికి దారితీసిందని కొందరు ఎత్తిపొడవవచ్చు. ఆ వాదన తలకిందులు. నిరసనను ఆటంకంగా చూసి దాని మీదుగా రేసును తోయబోయారు కాబట్టే అది జరిగింది. ఈ రోజు ఫార్ములా వన్‌లో కార్లు కదలడానికి 15 సెకన్ల ముందు సంకేతం ఇస్తారు. అప్పటికి జట్టు మనిషి ఒక్కడు కూడా గ్రిడ్ మీద ఉండకూడదు. ఆ నియమం వెనక ఉన్నది ఆ ఆదివారమే.

సరిగ్గా వారానికి, మే 24న, ఇండియానాపొలిస్‌లో రిక్ మియర్స్ పిట్‌కి వచ్చాడు. గొట్టం సరిగా బిగియకముందే మెథనాల్ అనే ఇంధనం చిమ్మి, వేడి ఇంజన్ మీద పడి అంటుకుంది. మెథనాల్ మంట పగటి వెలుతురులో కంటికి కనపడదు. 1964లో ఇద్దరు డ్రైవర్లు పెట్రోలు మంటల్లో పోయాక, నీళ్లతో ఆర్పగలిగే ఇంధనమని దాన్నే ఎంచుకున్నారు. డ్రైవర్‌కి మేలైన ఇంధనం పిట్‌లో ఉన్నవాడికి కొత్త గండం తెచ్చిందన్నమాట. అంటుకున్నవాళ్లు గంతులేస్తున్నారు, చుట్టూ ఉన్నవాళ్లకు ఎందుకో తెలియదు. ఆఖరికి మియర్స్ తండ్రి అగ్నిమాపక సిలిండర్ అందుకుని ఆర్పాడు. మియర్స్ ముఖానికి ప్లాస్టిక్ సర్జరీ అవసరమైంది. సిబ్బందిలోనూ కొందరు కాలారు. తర్వాత ఇంధనం గొట్టం మూతిని మార్చారు: కారుకు గట్టిగా బిగిస్తేనే తెరుచుకునే కవాటం వచ్చింది.

ఫార్ములా వన్ మాత్రం అప్పుడే ఈ నిప్పుతో ఆట మొదలుపెట్టింది. 1982లో బ్రబామ్ జట్టు సగం ట్యాంకుతో బయలుదేరి మధ్యలో నింపుకునే ఎత్తుగడ తెచ్చింది. 1984కి నిషేధించారు. 1994లో, చూడటానికి రక్తి కడుతుందని, మళ్లీ అనుమతించారు. సెకనుకు దాదాపు 12 లీటర్ల వేగంతో ఇంధనం కారులోకి దూకేది. ఆ ఏడాదే హాకెన్‌హైమ్‌లో యోస్ వెర్‌స్టాపెన్ బెనెటన్ కారు మీద ఇంధనం చిమ్మి, క్షణంలో కారూ మనుషులూ అగ్నిగోళంలో మాయమయ్యారు. మంటలకు తట్టుకునే బట్టలు ఉండబట్టి కాలిన గాయాలతో బయటపడ్డారు. ఇంధనం యంత్రంలోని ఫిల్టర్ తీసేసి ఉందని విచారణలో తేలింది. 2009 బ్రెజిల్‌లో హైకి కొవలైనెన్ గొట్టంతో సహా వెళ్లిపోతే, చిమ్మిన ఇంధనం వెనక వస్తున్న కిమి రైకోనెన్ కారు దగ్గర భగ్గుమంది.

2010 నుంచి రేసు మధ్యలో ఇంధనం నింపడం ఆగిపోయింది. మెకానిక్‌ల ప్రాణాల కోసం అనుకుంటే పొరపాటే. ఆ నిర్ణయం వచ్చింది ఖర్చు తగ్గింపు చర్చల్లోంచి. బరువైన ఆ యంత్రాలను దేశదేశాలకు మోయడం దండగని లెక్క తేలింది.

దానికీ ఒక మెలిక ఉంది. ఇంధనం పడుతున్న ఏడెనిమిది సెకన్లలో టైర్లు మార్చేవాళ్లకు కాస్త వ్యవధి ఉండేది. ఇంధనం పోయాక కారును ఆపి ఉంచేది వాళ్లు మాత్రమే. ప్రతి పదో వంతు సెకనూ వాళ్ల నెత్తిన పడింది. ఆగే సమయం రెండు సెకన్లకు దిగింది. మంట భయం పోయి, బిగియని చక్రం భయం వచ్చింది. 2013లో నూర్‌బర్గ్‌రింగ్‌లో మార్క్ వెబర్ కారు నుంచి ఊడిన చక్రం దొర్లుకుంటూ పోయి ఒక కెమెరామన్‌ను కొట్టింది. అతని పక్కటెముకలు విరిగాయి. పిట్ లేన్‌లో మీడియావాళ్లను కట్టడి చేసింది, సిబ్బందికి హెల్మెట్ తప్పనిసరి చేసింది ఆ తర్వాతే.

2018 బహ్రెయిన్‌లో వెనక ఎడమ చక్రం మారకుండానే రైకోనెన్ ఫెరారీకి ఇక కదలవచ్చని చెప్పే పచ్చదీపం వెలిగింది. ఆ చక్రం ముందు నిలబడ్డ మెకానిక్ కాలు విరిగింది. జట్టుకు 50,000 యూరోల జరిమానా పడింది. దీపాలు మీట నొక్కితే వెలిగేవి కావు, చాలావరకు సెన్సార్ల మాట వింటాయి. చక్రం బిగిసిందో లేదో మనిషి కన్నా ముందు యంత్రం చెబితే సెకనులో కొంత మిగులుతుంది మరి. 2021లో ఈ రేసులకు నియమాలు పెట్టే అంతర్జాతీయ సంస్థ ఎఫ్‌ఐఏ దీనికి వింత మందు వేసింది. నట్టు బిగిసిన సంకేతానికీ జాకీ దించడానికీ మధ్య కనీసం 0.15 సెకను, జాకీ దిగాక కారు వదలడానికి 0.2 సెకను తేడా ఉండాలంది. మనిషి చూసి, తెలుసుకుని, స్పందించడానికి పట్టే సమయం అది. కొన్ని జట్లు గొణిగాయి. నా మటుకు నాకు ఈ మొత్తం చరిత్రలో మనిషి కొలతతో పెట్టిన నియమం అదొక్కటే అనిపిస్తుంది.

వేగ పరిమితి కథ చిన్నదే, కానీ చెప్పకుండా దాటలేం. 1990 నవంబరులో అమెరికా స్టాక్ కార్ రేసుల సంస్థ నాస్కార్ అట్లాంటాలో పెట్టిన రేసులో రికీ రడ్ కారు అదుపు తప్పి పిట్‌లోకి తిరిగింది. బిల్ ఇలియట్ కారు టైరు మారుస్తున్న మైక్ రిచ్ రెండు కార్ల మధ్య నలిగి చనిపోయాడు. 1991లో నాస్కార్ పిట్ రోడ్డు మీద వేగానికి కళ్లెం వేసింది. ఫార్ములా వన్ ఆ వార్త చదివి ఊరుకున్నట్టుంది. 1994 ఇమోలాలో మికేలె అల్బొరెతో మినార్డి చక్రం పిట్ లేన్‌లో ఊడి ఫెరారీ, లోటస్ మెకానిక్‌లను గాయపరిచాకే అక్కడ పరిమితి వచ్చింది. డ్రైవర్లు రాట్‌జెన్‌బర్గర్, సెన్నా చనిపోయిన వారాంతం అది. ఆ దుఃఖంలో మెకానిక్‌ల సంగతి గుర్తున్నవాళ్లు ఎందరని? ఇప్పుడు చాలా ట్రాకుల్లో గంటకు 80 కిలోమీటర్లు, ఇరుకైన చోట్ల 60.

కంటికి కనపడని మంట తర్వాత కంటికి కనపడని కరెంటు వచ్చింది. 2008 జులైలో హెరెజ్ పరీక్షల్లో హైబ్రిడ్ పరికరం బిగించిన బీఎండబ్ల్యూ సాబర్ కారును తాకిన మెకానిక్ షాక్ కొట్టి కింద పడ్డాడు. ఇప్పుడు కారు మీద ఒక దీపం ఉంటుంది. అది పచ్చగా ఉంటేనే తాకాలి. లేదంటే రబ్బరు చేతి తొడుగులు తప్పనిసరి. డ్రైవర్ కూడా ఒక కాలు కారు మీద, ఒక కాలు నేల మీద పెట్టి దిగకూడదు. ఒక్కసారిగా దూకాలి.

వీటన్నిటి మధ్య చట్టం ఎక్కడుంది? జట్లలో చాలా వాటికి ఇల్లయిన బ్రిటన్‌లో 1974లోనే పని ప్రదేశాల భద్రతా చట్టం వచ్చింది. ఫ్యాక్టరీలో లేత్ మిషన్ దగ్గర కళ్లజోడు లేకపోతే ఊరుకోరు. అక్కడ శబ్దం 85 డెసిబెల్స్‌కు చేరితే చెవులకు రక్షణ వాడాల్సిందే. ఆ మనిషే శుక్రవారానికి సర్క్యూట్ చేరి, వెయ్యి డిగ్రీల దాకా కాగే బ్రేకుల పక్కన మోకాళ్ల మీద కూర్చుంటే, దాన్ని పని అనడానికి అందరికీ మొహమాటం. 'రేసింగ్ ప్రమాదకరం' అన్న బోర్డు గేటు దగ్గర ఉంటుంది కదా అన్న ధోరణి చాలాకాలం నడిచింది.

నిద్ర సంగతి అందరికన్నా ఆలస్యంగా పట్టించుకున్నారు. రాత్రంతా కారు విప్పి బిగించడం మెకానిక్‌ల గొప్పగా చెప్పుకునేవాళ్లు. 2011లో ఫార్ములా వన్‌లో కర్ఫ్యూ వచ్చింది. రాత్రి ఆరు గంటలపాటు కారు పనివాళ్లెవరూ సర్క్యూట్‌లో ఉండకూడదు. ఏడాదికి నాలుగు మినహాయింపులు ఇచ్చారు. తర్వాత ఆ గంటలు పెరిగాయి, మినహాయింపులు తగ్గాయి. రేసులు మాత్రం పెరుగుతూ పోయి 2024కి 24 అయ్యాయి. 2018లో మొదటిసారి ఫ్రాన్స్, ఆస్ట్రియా, బ్రిటన్ రేసులు వరసగా మూడు వారాలు పెట్టారు. అప్పుడు లారీ నడిపేవాడు ఎన్ని గంటలు నడిపాడో యూరప్ చట్టం ప్రకారం బండిలోని యంత్రం నమోదు చేస్తుంది. నాలుగున్నర గంటలకోసారి అతను ఆగాల్సిందే. కారు ముట్టుకునే మెకానిక్‌కి కర్ఫ్యూ ఉంది. లారీల్లోంచి డేరాలు దించి, ఉక్కు చట్రాలెక్కి అతిథుల గదులు నిలబెట్టి, ఆదివారం రాత్రి వాటినే మళ్లీ విప్పేవాళ్లు కారుకు సంబంధించిన సిబ్బంది కిందికి రారు కాబట్టి ఆ కర్ఫ్యూ లెక్కలోకి రారు.