వారంటీ క్యాప్‌కే, పంటికి కాదు

రూట్ కెనాల్ అయ్యాక దవడ పంటికి జిర్కోనియా అనే గట్టి పింగాణీ రకం క్యాప్ (తొడుగు) వేయించుకుంటే, చేతిలో వారంటీ కార్డు కూడా పెడుతుంటారు. అందులో హామీ అంతా తొడుగు పగలదనే. తొడుగు చెక్కుచెదరకుండా ఉండి, దాని అంచు కింద పన్ను పుచ్చిపోతే ఆ కార్డు ఎందుకూ పనికిరాదు.

తొడుగు గట్టితనంలో మాత్రం మోసం లేదు. మామూలు దంత పింగాణీ 100 మెగాపాస్కల్‌ల ఒత్తిడికి అటూఇటూగా విరుగుతుంది. క్యాప్‌లకు వాడే మరో పింగాణీ రకం లిథియం డైసిలికేట్ సుమారు 400 దాకా ఆగుతుంది, జిర్కోనియా 1000 దాకా. శ్రీకాకుళం తీరపు ఇసుకలోనూ దొరికే జిర్కాన్ ఖనిజమే దీనికి మూలం. జిర్కోనియా అంటే జిర్కోనియం ఆక్సైడ్. దానికి 3 మోల్ శాతం ఇట్రియా (ఇట్రియం ఆక్సైడ్) కలిపితే దాని స్ఫటికాలు ఒక బిగువైన అమరికలో నిలిచిపోతాయి. ఎక్కడైనా పగులు మొదలైందా, దాని మొన దగ్గరి స్ఫటికాలు అమరిక మార్చుకుని నాలుగైదు శాతం ఉబ్బుతాయి. ఆ ఉబ్బే పగులును నొక్కేస్తుంది. ఇట్రియాను 5 శాతానికి పెంచితే కాంతి బాగా ప్రసరించి పంటి కళ వస్తుంది కానీ, ఈ ఉబ్బే గుణం పోయి బలం సగానికి దగ్గరపడుతుంది. దవడ పళ్ళకు అందం చూసి ఈ రకం ఎంచుకోవడం నా లెక్కలో తెలివైన పని కాదు.

ల్యాబ్‌లో చెక్కే యంత్రానికి ఎక్కించేటప్పుడు జిర్కోనియా సుద్దముక్కలా మెత్తగా ఉంటుంది, గోటితో గీస్తే గీత పడుతుంది. కావలసినదానికన్నా 20 నుంచి 25 శాతం పెద్దదిగా చెక్కి, 1500 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలుస్తారు. కుంచించుకుని సరైన కొలతకు వస్తుంది.

అసలు పని పంటి దగ్గర. కొరికే వైపు 1 నుంచి 1.5 మిల్లీమీటర్లు అరగదీయాలి. పక్క గోడలు పైకి పోనుపోను మరీ సన్నబడితే పట్టు పోయి క్యాప్ ఊడుతుంది. క్యాప్ అంచుకు పైన కనీసం 2 మిల్లీమీటర్ల ఎత్తున గట్టి పన్ను చుట్టూ మిగలాలి. బండి చక్రానికి ఇనుప పట్టాలా తొడుగు పంటిని బిగించేది అక్కడే. అది లేకుండా వేరులోకి పోస్టు (సన్నటి కడ్డీ) దింపి పైన క్యాప్ పెడితే వేరు చీలే ప్రమాదం ఉంది.

అతికించేటప్పుడు ఉమ్మితోనూ పేచీయే. అందులోని ఫాస్ఫేటు జిర్కోనియాకు అంటుకుని, సిమెంటు పట్టాల్సిన చోటును ఆక్రమిస్తుంది. నీళ్ళతో కడిగితే పోదు. నోట్లో సరిచూశాక లోపలి వైపును అల్యూమినా పొడితో శాండ్‌బ్లాస్ట్ చేయాలి, లేదా దానికని ఉన్న పేస్టుతో శుభ్రం చేయాలి. ఇక రంగు కాగితం కొరికించి, ఎత్తు తగిలిన చోట అరగదీశారనుకోండి, అక్కడ అద్దంలా పాలిష్ పట్టాల్సిందే. గరుకుగా వదిలేస్తే ఎదుటి పన్ను అరిగిపోతుంది.

ఊడిన పన్ను ఖాళీని పక్క పళ్ళ మీది క్యాప్‌ల ఆధారంగా దాటించే బ్రిడ్జిలో లెక్క ఇంకా కఠినం. ఒక పన్నుకు బదులు రెండు పళ్ళ ఖాళీ దాటించాలంటే వంగడం ఎనిమిది రెట్లవుతుంది. వెనక పళ్ళలో బ్రిడ్జి పళ్ళను ఒకదానికొకటి కలిపే జిర్కోనియా అతుకు అడ్డుకోత కనీసం 9 చదరపు మిల్లీమీటర్లు ఉండాలి. అదీ వెడల్పులో కన్నా ఎత్తులో ఉంటేనే బలం. పళ్ళు పొట్టివైతే అంత ఎత్తు దొరకదు. చిగుళ్ళ వైపు అతుకును దించేస్తే బ్రష్ దూరే సందు మూసుకుపోతుంది. బ్రిడ్జిలో పళ్ళు కలిసి ఉంటాయి కాబట్టి పళ్ళ సందులు శుభ్రం చేసే దారం (ఫ్లాస్) పైనుంచి దిగదు. బిరుసు కొస ఉన్న సూపర్ ఫ్లాస్‌ను అడుగున దూర్చి లాగాలి, రోజూ.

బ్రిడ్జికి ఒక కొసన సిమెంటు వదిలినా రెండో కొస పట్టి ఉంచుతుంది కాబట్టి కదిలినట్టు తెలియదు. నమిలినప్పుడల్లా ఉమ్మి లోపలికీ బయటికీ ఆడుతూ పంటిని పుచ్చబెడుతుంది. నోట్లో అదేపనిగా చెడు రుచి వస్తుంటే, డాక్టరు ఆ క్యాప్‌ను కాస్త పైకి లాగి, తిరిగి నొక్కి చూస్తారు. అంచు వెంట సన్నటి బుడగలు వచ్చాయంటే సిమెంటు వదిలినట్టే.