గ్రైండర్‌లో చూడాల్సింది నుసి

పోర్ ఓవర్ కాఫీ అంటే కాగితం ఫిల్టర్‌లో వేసిన పొడి మీద వేడినీళ్లు నెమ్మదిగా పోసి దించేది. దాన్ని ఇంట్లో మొదలుపెట్టేవాళ్లు ముందు ఆ ఫిల్టర్‌ను పట్టి ఉంచే డ్రిప్పర్ కొంటారు. తర్వాత సన్నటి వంపు ముక్కున్న కెటిల్, ఆపైన గ్రాముల్లో తూచే చిన్న త్రాసు. గ్రైండర్ దగ్గరికొచ్చేసరికి బడ్జెట్ అయిపోయి గింజలు మిక్సీ జార్‌లో పడతాయి. నన్నడిగితే ఈ వరస తలకిందులైంది. మామూలు గిన్నెలో కాచిన నీళ్లు నెమ్మదిగా పోసినా మంచి కాఫీ దిగుతుంది. ఎగుడుదిగుడుగా విరిగిన పొడితో మాత్రం ఎంత ఖరీదైన కెటిల్ ఉన్నా దిగదు.

వేయించిన కాఫీ గింజ బరువులో దాదాపు 30 శాతం వేడినీళ్లలో కరగగలదు. ఆ మొత్తాన్నీ కప్పులోకి లాగితే తాగలేం. 1950లలో అమెరికాలో ఎర్నెస్ట్ లాక్‌హార్ట్ అనే రసాయన శాస్త్రవేత్త, పొడి బరువులో 18 నుంచి 22 శాతం దాకా నీళ్లలోకి దిగితే రుచి కుదురుతుందని లెక్క కట్టాడు. కాఫీ నిపుణులు ఇప్పటికీ ఆ అంకెల చుట్టూనే తిరుగుతున్నారు. పులుపునిచ్చే ఆమ్లాలు ముందే తేలిగ్గా దిగుతాయి. తీపి ఆ వెనక వస్తుంది. చేదు, వగరు చివర్లో ఎక్కువవుతాయి. మధ్యలో సరైన చోట ఆపగలగాలి.

పొడిలో 0.8 మిల్లీమీటర్ల రవ్వ, 0.1 మిల్లీమీటర్ల నుసి పక్కపక్కనే ఉన్నాయనుకోండి. రేణువు లోపలి పదార్థం బయటి నీళ్లలోకి చేరడానికి పట్టే సమయం సుమారుగా రేణువు సైజు వర్గాన్ని (స్క్వేర్‌ను) బట్టి పెరుగుతుంది. సైజు 8 రెట్లయితే సమయం 64 రెట్లు. పోర్ ఓవర్‌కి మనమిచ్చేది మూడు నిమిషాలు. అంతలో నుసి తన చేదంతా కక్కేస్తుంది, రవ్వ లోపలి భాగంలో మాత్రం దిగాల్సింది ఇంకా చాలా మిగిలే ఉంటుంది. సగటు లెక్క 20 శాతం వచ్చినా ఉపయోగం లేదు. పులుపును చేదు కొట్టెయ్యదు, ఒకే గుక్కలో రెండూ తగులుతాయి.

నుసి ఇంకో చెడ్డపని కూడా చేస్తుంది. పెద్ద రేణువుల సందుల్లోంచి జారి, ఫిల్టర్ కాగితం దగ్గర పేరుకుని నీటి దారి మూసేస్తుంది. ఎస్‌ప్రెస్సోలో అయితే 9 బార్ల ఒత్తిడి నీళ్లను తోస్తుంది. ఇక్కడ కిందికి లాగేది గురుత్వాకర్షణ ఒక్కటే. మన స్టీలు ఫిల్టర్ కోసం తెచ్చిన పొడి పోర్ ఓవర్‌కి పనికిరానిది ఇందుకే. అది మెత్తటి పొడి, చాలాసార్లు చికోరీ కలిసింది. స్టీలు ఫిల్టర్‌లో డికాక్షన్ బొట్టుబొట్టుగా దిగినా ఎవరికీ తొందరలేదు, చిక్కగా ఉండటమే కావాలి, పైగా పాలూ పంచదారా చేదును సర్దేస్తాయి. అదే పొడి వీ60 లాంటి శంకువు ఆకారపు డ్రిప్పర్‌లో వేస్తే నీళ్లు పైనే నిలిచిపోతాయి. కాఫీ పొడి కొట్లో బరకగా పట్టించుకోవచ్చు కదా అంటారా? పట్టించుకోవచ్చు. కానీ గింజ విరిగిన క్షణం నుంచే వాసన పోవడం మొదలవుతుంది. పాలు లేకుండా తాగే కాఫీలో ఆ లోటు దాగదు.

మిక్సీలో బ్లేడు ఏ ముక్కకు ఎన్నిసార్లు తగులుతుందో చెప్పలేం. కొన్ని పదిసార్లు దెబ్బతిని పిండైపోతాయి, కొన్ని తప్పించుకుంటాయి. మిక్సీ తప్ప గతిలేకపోతే ఆపి ఆపి తిప్పి, జార్ ఊపి, సన్న జల్లెడతో నుసి తీసేయండి. కొంత మెరుగు. బర్ గ్రైండర్ పద్ధతి వేరు, అది మన తిరగలి లాంటిది. బర్‌లు అనే రెండు పళ్ల బిళ్లల్లో ఒకటి కదలకుండా ఉంటుంది, ఒకటి తిరుగుతుంది. మధ్య సందులో పట్టేంత చిన్నదైన ముక్క బయటపడిపోతుంది, మళ్లీ దెబ్బ తినదు.

అలాగని బర్ గ్రైండర్‌లో నుసి రాదని కాదు. వేగిన గింజ పెళుసు, ఎక్కడ పగిలినా కాస్త నుసి రాలుతుంది. మంచి గ్రైండర్ చేసేదల్లా నుసిని తగ్గించి, మిగతా రేణువుల్ని ఒక సైజుకు దగ్గరగా ఉంచడం. అది ఇరుసు మీద ఆధారపడి ఉంటుంది. చవక చేతి గ్రైండర్లలో ఇరుసుకు సరైన ఆధారం ఉండదు, పిడి తిప్పినప్పుడు లోపలి బర్ పక్కకు ఒరుగుతుంది. సందు ఒకవైపు పెరిగి ఇంకోవైపు తగ్గుతుంది. బరక సెట్టింగులో ఈ ఊగుడు ఇంకా ఎక్కువ, పోర్ ఓవర్‌కి మనకు కావాల్సింది సరిగ్గా ఆ బరక సెట్టింగే. అందుకే ఇరుసును పైనా కిందా రెండు బేరింగులు పట్టి ఉంచే మోడల్ చూడండి. కుదిరితే చేత్తో ఇరుసును పక్కలకు కదిపి చూడండి, కదిలితే వద్దు. సెరామిక్ కంటే స్టీలు బర్ నయం, పదునుగా కోస్తుంది. సర్దుబాటు మెట్లు దగ్గరగా ఉండాలి. జర్మనీ తయారీ చేతి గ్రైండర్ కమాండాంటే సీ40లో ఒక్కో క్లిక్‌కి బర్ కదిలేది సుమారు 0.03 మిల్లీమీటర్లే. ఫ్లాట్ బరా, శంకువు బరా అన్న వాదన మొదటి గ్రైండర్‌కి అనవసరం.

ఒకరిద్దరు తాగే ఇంటికి చేతి గ్రైండరే కొనమంటాను. అదే ధరకొచ్చే కరెంటు గ్రైండర్‌లో డబ్బు మోటారుకు పోతుంది, చేతిదాంట్లో బర్‌కీ బేరింగులకూ పోతుంది. నలుగురున్న ఇంట్లో మాత్రం పొద్దున్నే అంత తిప్పడం విసుగు. అందులోనూ లైట్ రోస్ట్ (తక్కువగా వేయించిన) గింజలు గట్టివి, అరకు అరబికా అలా వేయించి తెచ్చుకుంటే చెయ్యి నొప్పెడుతుంది. అప్పుడు బరాట్జా ఎన్‌కోర్ లాంటి కరెంటు గ్రైండర్, 40 మిల్లీమీటర్ల శంకువు బర్, 40 మెట్లు ఉన్నది, సరిపోతుంది.

పొడి గ్రైండర్ గోడలకు అంటుకుంటోందంటే అది స్థిర విద్యుత్తు. అమెరికాలోని ఒరెగాన్ యూనివర్సిటీ రసాయన శాస్త్రవేత్త క్రిస్టఫర్ హెండన్ బృందం 2023లో దీన్ని కొలిచింది. గింజలో తేమ పెరిగితే విద్యుదావేశం తగ్గుతుందని చూపింది. ఆ బృందంలో అగ్నిపర్వత బూడిద మీద పనిచేసేవాళ్లూ ఉన్నారు. బూడిద మేఘాల్లో మెరుపులు పుట్టించే రాపిడే ఇక్కడా ఉంది మరి! 15 గ్రాముల గింజలకు ఒకటి రెండు నీటి చుక్కలు కలిపి తిప్పితే చాలు.

కొన్నాక 15 గ్రాములకు 250 మిల్లీలీటర్ల నీళ్లతో మొదలుపెట్టండి. రెండు నిమిషాల్లోపే దిగిపోయి పుల్లగా ఉంటే గ్రైండర్‌ను రెండు క్లిక్‌లు బిగించి పొడి సన్నం చేయండి. నాలుగు నిమిషాలు దాటి వగరుగా ఉంటే రెండు క్లిక్‌లు వదిలి పొడి బరక చేయండి.