పిక్కలకు బొటాక్స్: అపోహలు - వాస్తవాలు

పిక్కలు సన్నబడాలని వచ్చేవాళ్లలో ఎక్కువమంది అడిగే మొదటి మాట, "డాక్టర్ గారూ, ఎన్ని సూదులకు కరుగుతాయి?" అని. నన్ను కలవరపెట్టేది ఆ 'కరగడం' అన్న నమ్మకమే. దాని వల్ల డబ్బు పోతుంది, ఒక్కోసారి ప్రాణం మీదకే వస్తుంది.

అపోహ: బొటాక్స్ పిక్కల్లోని కొవ్వును కరిగిస్తుంది

రవ్వంత కూడా కరిగించదు. ఈ మందు పనిచేసేది నరమూ కండరమూ కలిసే చోట. కండరాన్ని బిగుసుకోమని చెప్పే అసిటైల్‌కోలిన్ అనే రసాయనం నరం కొసల నుంచి విడుదల కాకుండా అడ్డుకుంటుంది. దాంతో కండరం గట్టిగా బిగుసుకోలేదు, వారాల తరబడి పని తగ్గేసరికి సన్నబడుతుంది. మేం ఎక్కువగా సూది వేసేది పిక్కలో పైకి కనిపించే గాస్ట్రాక్నీమియస్ కండరంలో, అందులోనూ లోపలి వైపు ఉబ్బెత్తుగా కనిపించే భాగంలో. చర్మం కింది కొవ్వుకీ, కాళ్లలో చేరిన నీటికీ దీంతో సంబంధమే లేదు.

మీ పిక్క ఎందుకు లావుగా ఉందో ముందు తేల్చుకోండి. మునివేళ్ల మీద నిలబడితే కండ గట్టిగా పైకి తేలి, రెండు వేళ్లతో పట్టుకుంటే చర్మం పల్చగా దొరికితే అది కండరం. చర్మంతో పాటు మందంగా, మెత్తగా చేతికొస్తే కొవ్వు. బొటనవేలితో కాసేపు నొక్కి తీస్తే సొట్ట మిగిలిందంటే వాపు, దానికి కారణం వెతకాలి. తుంటి నుంచి చీలమండల దాకా రెండు కాళ్లూ లావెక్కి, పాదాలు మాత్రం మామూలుగా ఉండి, ముట్టుకుంటే నొప్పి, ఊరికే కమిలిపోవడం ఉంటే లైపెడీమా, అంటే కాళ్లలో కొవ్వు అసహజంగా పేరుకునే జబ్బు కావచ్చు. థైరాయిడ్ బాగా తగ్గినవాళ్లలో కూడా కండరాలు లావెక్కి నీరసించడం ఉంది. మగపిల్లాడి పిక్కలు పెద్దవై, నేల మీంచి లేవడానికి తొడల మీద చేతులు ఆనిస్తుంటే పిల్లల న్యూరాలజిస్టుకు చూపించాలి. కండరాలు క్రమంగా క్షీణించే డ్యూషెన్ వ్యాధిలో అలాగే కనిపిస్తుంది.

ఒకావిడ కుడి పిక్క ఒక్కటే లావుగా ఉందని, రెండూ సమానం చేయమని వచ్చింది. ఎప్పటినుంచమ్మా అంటే "ఈ నాలుగైదు రోజులుగానే" అంది. కండరం నాలుగు రోజుల్లో పెరగదు. పట్టుకుంటే వేడిగా ఉంది, నొప్పి అంటోంది. వెంటనే రక్తప్రవాహాన్ని చూసే డాప్లర్ స్కాన్‌కి పంపాను, లోపలి సిరలో రక్తం గడ్డ కట్టింది. అది కదిలి ఊపిరితిత్తులకు చేరితే ఏమయ్యేదో ఆమెకు చెబుతుంటే నా గొంతే వణికింది. కొవ్వు కరిగించే సూదని ఎవరో చెప్పబట్టే ఆమె నేరుగా నా దగ్గరికి వచ్చింది.

అపోహ: కాలు పడిపోతుంది, నడక పోతుంది

ఈ భయంతో నిద్ర పట్టనివాళ్లను చూశాను. అంత భయం అక్కర్లేదు. లోపల సోలియస్ కండరం ఉంటుంది, మామూలు నడకకు అది ఆసరా. మెట్లెక్కేటప్పుడు, పరుగెత్తేటప్పుడు, హీల్స్ వేసుకున్నప్పుడు కొన్ని వారాలు త్వరగా అలసట రావచ్చు. నాట్యం, పరుగు వృత్తిగా ఉన్నవాళ్లకు మాత్రం వద్దనే చెబుతాను. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, మయస్తీనియా (కండరాలు త్వరగా నీరసించే జబ్బు) ఉన్నవాళ్లకు వేయం.

అపోహ: వారంలో సన్నబడి అలాగే ఉండిపోతాయి

మార్పు కనబడటానికి నెల, నెలన్నర. ఉండేది సుమారు ఆరు నెలలు. టేపుతో కొలిస్తే తేడా సెంటీమీటరో రెండో, ఎక్కువగా మారేది ఆకారమే. తొందరపడి 3 నెలల లోపే మళ్లీ వేయించుకుంటే శరీరంలో ఈ మందును అడ్డుకునే యాంటీబాడీలు తయారై మందే పనిచేయకుండా పోవచ్చు.

అపోహ: ముఖానికి వేసేదే కదా, ఎవరు వేస్తేనేం?

కనుబొమల మధ్య గీతలకు 20 యూనిట్లు సరిపోతాయి. పిక్కకు ఒక్కో కాలికే 100 దాకా, ఒక్కోసారి అంతకు మించీ పడుతుంది. అమెరికాలో మందులకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2002లో అందం కోసం అనుమతించింది ఆ గీతలకే, పిక్కలకు కాదు. సూది వేసిన చోటి నుంచి మందు దూరంగా పాకే ప్రమాదం గురించి 2009లో మందు వివరాల కాగితం మీద పెట్టె కట్టిన గట్టి హెచ్చరిక కూడా పెట్టించింది. పైగా బొటాక్స్ యూనిట్టూ, అలాంటిదే మరో బ్రాండు డిస్‌పోర్ట్ యూనిట్టూ ఒకటి కావు. అందుకే ఏ బ్రాండు, ఏ కాలికి ఎన్ని యూనిట్లు అన్నది రాసిచ్చిన కాగితం అడిగి తీసుకోండి. ఆ తర్వాత కొన్ని వారాల్లోపు మింగడం కష్టమైనా, మాట ముద్దగా వచ్చినా, ఊపిరి ఆడకపోయినా ఆ కాగితంతో వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.